కబోర్డు కింద కుంపటి: మా వంటింటి డైరీ

2024 ఆగస్టు 10, శనివారం

మా ఇల్లు న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో ఉంది. 1962లో కట్టారు. మేం కొని ఆరేళ్లయింది. ఆరేళ్లూ "వచ్చే ఏడాది వంటిల్లు బాగు చేయిద్దాం" అనుకుంటూనే గడిపాం. ఈసారి మా ఆవిడ అనుకోవడం మానేసి టేపు పట్టుకుని దిగింది. కొలతలు మొదలుపెట్టిన పావుగంటకే అడ్డం తగిలింది, కిటికీ కింద గోడ వారన 11 అడుగుల పొడవున పడుకున్న బేస్‌బోర్డు హీటర్.

ఇండియాలో చదివేవాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి సెల్లార్‌లో గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అది నీళ్లను కాచి, చిన్న పంపుతో ఇల్లంతా తిప్పుతుంది. ప్రతి గదిలోనూ గోడ అడుగున ఒక రేకు పెట్టె, దాంట్లో ముప్పావు అంగుళం రాగి గొట్టం, గొట్టానికి వరసగా గుచ్చిన అల్యూమినియం రేకులు. నీళ్లు వేడెక్కితే గాలి కింద నుంచి దూరి పైకి లేస్తుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, అరవై ఏళ్లయినా చెడేదేమీ లేదు. ఒకటే బాధ: దాని ముందు ఏమీ పెట్టకూడదు. కొత్త కబోర్డులన్నీ వచ్చేది సరిగ్గా ఆ గోడకే.

కబోర్డుల డిజైన్ గీసిచ్చినాయన తేలిగ్గా చెప్పేశాడు, "కోసేసి గొట్టం కలిపేయండి, హాల్లో వేడి ఇటు వస్తుందిలే" అని. వస్తుందేమో. కానీ అక్టోబరులో అమ్మ తెనాలి నుంచి వస్తోంది. ఆరు నెలలుంటుంది. పొద్దున్నే ఐదింటికి లేచి కాఫీకి వంటింట్లో నిలబడే మనిషి. అరికాళ్లు చల్లబడితే ఆ రోజంతా ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

అందుకని రాత్రి కూర్చుని లెక్క వేశాను. గది 12 అడుగులు, 13 అడుగులు. బయటి గోడలు రెండూ కలిపి 25 అడుగులు, ఎత్తు 8. అంటే 200 చదరపు అడుగులు, అందులో కిటికీ, తలుపు 40. బయట 10 డిగ్రీల ఫారన్‌హీట్, లోపల 70 అనుకున్నాను (ఇక్కడి నుంచి రాసే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌వే). గోడ నుంచి పోయేది గంటకు 900 బీటీయూ లోపు, కిటికీ తలుపుల నుంచి 1,200, సందుల్లోంచి దూరే గాలికి ఇంకో 1,350. మొత్తం మూడున్నర వేలు. ఒక పౌను నీళ్లను, అంటే అర లీటరు కన్నా కాస్త తక్కువ, ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టేది ఒక బీటీయూ. ఇప్పుడున్న బేస్‌బోర్డు అడుగుకు 580 చొప్పున 6,400 ఇస్తోంది. అవసరానికి దాదాపు రెట్టింపు! ఆ రోజుల్లో గోడ ఎంత పొడవుంటే అంత హీటర్ పరిచేశారన్నమాట.

మూడున్నర వేలే చాలు అని తేలాక దారి కనబడింది. కబోర్డు అడుగున పాదాలు దూరడానికి వదిలే సందు ఉంటుంది చూడండి, నాలుగు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల లోతు. దాంట్లో దూరిపోయే హీటర్లున్నాయి. కిక్‌స్పేస్ హీటర్ అంటారు. లోపల చిన్న రాగి కాయిల్, వెనక ఫ్యాను. నీళ్లు అదే బాయిలర్‌వి. ఆ సందుకు తెలుగు మాట దొరక్క మా ఆవిడ "కాలి గూడు" అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పుడు అదే వాడుక.

కరెంటు హీటర్ కూడా ఆలోచించాను, కానీ వేడి నీళ్లు గుమ్మం దాకా వస్తుంటే కరెంటు కాల్చడానికి మనసు రాలేదు. నేల కింద గొట్టాలు పరవడం గురించి ఒక సాయంత్రం చదివి, ధర చూసి మూసేశాను.

ఆగస్టు 24, శనివారం

పోయిన వారమే మొదలుపెట్టేవాణ్ణి. "వరలక్ష్మీ వ్రతం అయ్యేదాకా నా వంటిల్లు ముట్టుకున్నారంటే చూడండి" అంది మా ఆవిడ. 16న వ్రతం అయింది, ఈ వారం సుత్తి పట్టాను.

ముందు నీళ్లు వదలాలి. బాయిలర్ ఆపి, రాత్రంతా చల్లారనిచ్చి, కుళాయికి తోట పైపు తగిలించి పెరట్లోకి వదిలాను. వచ్చిన నీళ్లు నల్లగా, ఇనుప వాసనతో, పాత బావి అడుగున తోడినట్టున్నాయి. చూసి హడలిపోనక్కర్లేదు, ఆ నలుపే మంచిదట. ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరగడం వల్ల అందులో ఆక్సిజన్ ఉండదు, ఇనుము తుప్పు పట్టదు. కొత్త నీళ్లు పట్టిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ వస్తుంది. కాబట్టి ఒక్కసారి వదిలి, పనంతా ఒకేసారి చేసి, మళ్లీ నింపి ఇక జోలికి పోకూడదు. ఇది బాగా తెలిసే చేశాను.

రేకు పెట్టె ఊడదీస్తే వెనక అరవై ఏళ్ల బొచ్చు, రెండు గోళీలు, ఎవరిదో ఒక పాత ప్లాస్టిక్ దువ్వెన.

అసలు తలనొప్పి నేలది. పైన లినోలియం షీటు, దాని కింద 9 అంగుళాల చదరపు టైల్స్. ఆ కాలపు 9 అంగుళాల టైల్ కనిపిస్తే ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చే రాతినార) ఉందేమోనని అనుమానించాల్సిందే. ఊడివచ్చిన ముక్కను తడిపి, సంచిలో కట్టి ల్యాబ్‌కి పంపాను. ఉందనే వచ్చింది. పగలగొట్టనంత కాలం, రుద్దనంత కాలం దానివల్ల ముప్పు లేదు. పైన కొత్త నేల పరిచేస్తే అడుగున పడి ఉంటుంది. సరే, కదిలించకుండా పైన ప్లైవుడ్ వేసి టైల్ పరుద్దామని నిర్ణయించాం.

ఇక్కడే నా మెదడు ఒక రోజు ఆలస్యంగా పని చేసింది. ప్లైవుడ్, జిగురు, టైల్ కలిపితే ముప్పావు అంగుళం పైనే. మామూలుగా ఇక్కడ కబోర్డులు పెట్టేశాకే, వాటి ముందు దాకా టైల్ వేస్తారు, టైల్ డబ్బు మిగులుతుందని. అలా చేస్తే నాలుగు అంగుళాల కాలి గూడు మూడుంపావు అయిపోతుంది. హీటర్ ఎత్తు మూడుముప్పావు. దూరదు. తలకిందులుగా తపస్సు చేసినా దూరదు. కబోర్డులు బిగించి, గ్రానైటు ఎక్కించాక ఈ సంగతి తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో ఆలోచించడానికి కూడా ఇష్టం లేదు. టైల్ గోడ నుంచి గోడ దాకా పరిపించి, దాని మీద కబోర్డులు నిలబెడదామని ప్లాన్ మార్చాను. అవీ పెట్టెల్లా నేలకు ఆనేవి కాకుండా, ఐకియా వాళ్లవిలా నాలుగున్నర అంగుళాల కాళ్ల మీద నిలబడేవి. అడుగంతా ఖాళీగా ఉంటుంది, గొట్టాలు ఎటైనా తీసుకుపోవచ్చు. టైల్ ఖర్చు పెరిగింది. పెరగనీ.

నేలకు కొత్త బెజ్జాలు కొట్టకూడదు కదా. బేస్‌బోర్డు గొట్టాలు సెల్లార్ నుంచి పైకి వచ్చిన పాత బెజ్జాలు రెండున్నాయి. వాటిలోంచే కొత్తవి తెచ్చుకుంటాను.

సెప్టెంబరు 1, ఆదివారం

లేబర్ డే వీకెండ్. మూడు రోజులు సెలవు, రెండు రోజులుగా సెల్లార్‌లోనే ఉన్నాను.

మా కింది అంతస్తు అంతా ఒకే వరస. నీళ్లు బాయిలర్ నుంచి బయల్దేరి హాలు, డైనింగు, వంటిల్లు, చిన్న గది, అన్నిటి గుండా ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లి తిరిగొస్తాయి. ఆ వరసలో బేస్‌బోర్డు తీసిన చోట కిక్‌స్పేస్ హీటర్‌ని నేరుగా కలపకూడదు. చాలామంది చేసే పొరపాటు ఇదేనట. దాని కాయిల్ అర అంగుళం గొట్టం. ఇంటి వరస ముప్పావు అంగుళం. అంతస్తు మొత్తానికి నిమిషానికి మూడున్నర గ్యాలన్లు తిరగాలి. వాటిని ఆ సన్న గొంతులోంచి తోస్తే పంపు ఆయాసపడుతుంది, చివరి గది చల్లబడుతుంది. హీటర్‌కి నిజంగా కావలసింది అర గ్యాలన్ మాత్రమే. నిమిషానికి ఒక గ్యాలన్ ఇరవై డిగ్రీలు చల్లారితే గంటకు పది వేల బీటీయూ దిగుతుంది మరి.

అందుకని పెద్ద గొట్టాన్ని సెల్లార్‌లోనే తిన్నగా కలిపేసి, దాని మీద మూడు అడుగుల దూరంలో రెండు టీలు (T అక్షరం ఆకారంలో ఉండే గొట్టం ముక్కలు) పెట్టాలి. ఒక దాంట్లోంచి కొన్ని నీళ్లు హీటర్‌కి ఎక్కి, రెండో దాంట్లోంచి దిగొస్తాయి. రెండూ మామూలు టీలైతే నీళ్లు ఎక్కవు. పల్లం ఉండగా మిట్ట ఎందుకెక్కుతాయి, తిన్నగా పోతాయి. అందుకని దిగే వైపున డైవర్టర్ టీ పెడతారు. దాని లోపల చిన్న గరాటు ఉంటుంది, పారే నీరు పక్క కొమ్మలోని నీటిని లాక్కుంటుంది. హీటర్ గొట్టానికి పైన ఉంటే ఇలాంటిది ఒకటి చాలు, కింద ఉంటే రెండు కావాలి. దాని మీద బాణం గుర్తుంటుంది, నీళ్లు పారే దిక్కుకే చూడాలి. "టీ కోసం వెళ్తున్నా" అని చెప్పి సప్లై షాపుకెళ్లి రెండు గంటలకొచ్చాను. "తాగొచ్చారా, తెచ్చారా" అంది మా ఆవిడ.

ఇక మాటు పెట్టడం. రాగి గొట్టం చివర గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. లోపలి వైపు బ్రష్షు తిప్పాలి. మాటు పట్టడానికి ఫ్లక్స్ అనే లేపనం పూయాలి. మంట సోల్డర్‌కి (కరిగి అతుక్కునే లోహపు తీగకి) కాదు, ఫిట్టింగ్‌కి చూపించాలి. వేడి చాలినప్పుడు సోల్డర్ కొసను అంచుకు తాకిస్తే చాలు, అదే చుట్టూ పరిగెత్తి లోపలికి పోతుంది. వెండి గీతలా ఒక వలయం పడుతుంది. అది కనబడితే మాటు కుదిరినట్టు.

నాకు పాత గొట్టం దగ్గర పట్టలేదు. ఎంత వదిలినా అందులోంచి నిమిషానికొక చుక్క కారుతూనే ఉంది. చుక్క ఆవిరవుతుంటే రాగి వేడెక్కదు, సోల్డర్ ఉండలు కట్టి రాలిపోతుంది. రెండుసార్లు తుడిచి, రుద్ది, మళ్లీ మొదలు. మూడోసారి పాత ప్లంబర్ల కిటుకు గుర్తొచ్చింది. పైకెళ్లి తెల్ల బ్రెడ్డు ముక్క తెచ్చి, అంచులు తీసేసి, మధ్యది ముద్ద చేసి గొట్టంలోకి వేలితో కుక్కాను. చుక్కల్ని బ్రెడ్డు పీల్చుకుంది. ఆ రెండు నిమిషాల్లో మాటు కుదిరింది. తర్వాత నీళ్లు వదిలితే మెత్తబడి కొట్టుకుపోయింది. అందుకే హీటర్ తగిలించకముందే గొట్టాలు కడిగేశాను, ఆ ముద్ద కాయిల్‌లోకి పోకుండా. మా అమ్మాయి చూసి, "నాన్నా, పైప్‌కి టిఫిన్ పెట్టావా?" అంది.

సెప్టెంబరు 7, శనివారం

వినాయక చవితి. వంటింట్లో ప్లైవుడ్, దుమ్ము. గ్యారేజీలో ఇండక్షన్ స్టౌ మీద ఉండ్రాళ్లు ఉడికాయి, పూజ డైనింగు టేబుల్ మీద. పత్రి కోసం పెరట్లో దొరికిందే కోశాం. ఇవాళ పని లేదు.

సెప్టెంబరు 19, గురువారం

ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాడు. న్యూజెర్సీలో సొంత ఇంట్లో ఉండేవాళ్లు, ఒకే కుటుంబం ఉండే ఇల్లైతే, పర్మిట్ తీసుకుని ప్లంబింగ్, కరెంటు పని తామే చేసుకోవచ్చు. గోడలు మూసేముందు చూపించాలి.

హీటర్‌లో ఫ్యానుంది కాబట్టి కరెంటు కావాలి. తినేది ఒక ఆంపియర్ కూడా కాదు. పక్కనే మిక్సీ ప్లగ్గుల లైను ఉంది, అక్కడి నుంచి లాగేద్దామనిపిస్తుంది. కుదరదు. కౌంటర్ మీది ప్లగ్గుల లైనుకు వేరేదేదీ తగిలించకూడదని కోడ్, అంటే ఇక్కడి కరెంటు పనుల నిబంధన. సెల్లార్‌లో లైట్ల లైను నుంచి తీసుకుని, వంటింటి గోడకు ఒక స్విచ్చు పెట్టాను. ఆ స్విచ్చు కోడ్ కోసం పెట్టిందే కానీ, ఇంట్లో ఎక్కువ పనికొచ్చేది అదే అని ఇప్పుడే అనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ అడిగింది ఒకటే మంచి ప్రశ్న: "ఫ్యాను పాడైతే బయటికెలా తీస్తావు?" చూపించాను. రాగి గొట్టం కబోర్డు కింద దాకానే వచ్చి, అక్కడ రెండు వాల్వులు. వాల్వుల నుంచి హీటర్‌కి స్టీలు అల్లిక ఉన్న మెత్తటి గొట్టాలు, రెండు అడుగుల చొప్పున, వంపు తిప్పి. ముందు పలక తీసి లాగితే హీటర్ సొరుగులా బయటికొస్తుంది. గొట్టాలకు నురగ తొడుగు కూడా వేశాను, బయటి గోడ వారన పోతాయి కదా, గడ్డ కట్టకుండా. సంతకం పెట్టాడు.

అక్టోబరు 12, శనివారం

దసరా. అమ్మ వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున్న నా సామాన్లన్నీ వరసగా పెట్టించి పూజ చేసింది. డ్రిల్లుకు పసుపు, టార్చ్ సిలిండర్‌కు కుంకుమ, టేపుకు పువ్వు. మా నాన్న సైకిల్‌కు చేసినట్టే. ఆయుధ పూజ రోజు ఆయుధం పట్టకూడదంది. మధ్యాహ్నం తర్వాత పట్టుకోవచ్చని నేను బేరమాడాను.

టైల్ అయింది, కబోర్డులు నిలబడ్డాయి. ఇవాళ కాలి గూడు పలకకు కంత కోయడం. కాగితం మూస గీసి, రెండుసార్లు కొలిచి, జిగ్‌సాతో కోశాను. మూస మీద "ముందు" అని రాసి ఉంది, నేను వెనక వైపు గీశాను. అదృష్టం, కంత మధ్యలోనే ఉంది కాబట్టి తేడా రాలేదు. కుంకుమ మహిమ అంది అమ్మ.

హీటర్ దూరింది. పైన ముప్పావు అంగుళం జాగా మిగిలింది. ఇంకో మాట, కాళ్ల మీద నిలబడే కబోర్డుల అడుగు అంతా ఖాళీ కదా, హీటర్ వెనక గాలి ఆ ఖాళీలో తిరిగి అక్కడే వేడెక్కిపోతుంది. రెండు పక్కలా ప్లైవుడ్ ముక్కలు నిలబెట్టి చిన్న గదిలా మూసేశాను.

అక్టోబరు 19, శనివారం

నీళ్లు నింపాం. ఒత్తిడి చదరపు అంగుళానికి 12 పౌన్లకు తెచ్చి, పైపును బకెట్లో పెట్టి, బుడగలు ఆగేదాకా తిప్పాను. బాయిలర్ వెలిగించాను. హాల్లో బేస్‌బోర్డు టిక్కుటిక్కుమంటూ వేడెక్కింది. డైనింగు వేడెక్కింది. అందరం వంటింట్లో కబోర్డు ముందు కింద కూర్చున్నాం, కొత్త టీవీ ముందు కూర్చున్నట్టు.

ఏమీ లేదు. ఫ్యాను తిరగలేదు.

స్విచ్చు దగ్గర టెస్టరు పెట్టాను, 120 వోల్టులు వస్తున్నాయి. హీటర్ దగ్గరా వస్తున్నాయి. గాలి తీసే స్క్రూ తిప్పాను, ఒక్క క్షణం బుస్సుమని తర్వాత నీళ్లు. అంటే గాలి ఇరుక్కోలేదు. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని సెల్లార్‌కి దిగాను. పెద్ద గొట్టం 172. హీటర్‌కి ఎక్కే గొట్టం 88. అంటే హీటర్ తప్పేం లేదు. నీళ్లు 110 దాటితేనే ఫ్యానును తిరగనిచ్చే చిన్న స్విచ్చు దాంట్లో ఉంటుంది, చల్లగాలి కాళ్లకు కొట్టకుండా. నీళ్లే ఎక్కట్లేదు.

"నీ కుంపటికి నిప్పు పెట్టడం మర్చిపోయావేమోరా" అంది అమ్మ.

రాత్రి నిద్ర పట్టలేదు. టెన్షన్ ఒకటే: మళ్లీ వదలాలి, ఆ నల్ల నీళ్లను.

అక్టోబరు 20, ఆదివారం

పక్కింటి పెద్దాయన నలభై ఏళ్లు ప్లంబింగ్ చేసి రిటైరయ్యాడు. మా సెల్లార్‌కి వచ్చి, టీలను చూసి, "దిక్కు ఎలా తెలుసుకున్నావు?" అన్నాడు. పంపు మీద బాణం చూపించి, అక్కడి నుంచి గొట్టాన్ని కళ్లతో వెంబడించి ఇలా వచ్చానని చెప్పాను. "చేయి పెట్టి చూశావా?" అన్నాడు.

చూడలేదు. చూడాలని తట్టనేలేదు.

బాయిలర్ ఆపి సాయంత్రం దాకా చల్లారనిచ్చాం. తర్వాత కొమ్మకు ఎడమ వైపు పెద్ద గొట్టం మీద నా చేయి, కుడి వైపు మా ఆవిడ చేయి. మా అమ్మాయి పైనుంచి థర్మోస్టాట్ తిప్పింది. పంపు గురగురమంది. అర నిమిషం. నిమిషం. నా చేతి కింద రాగి ఐసు ముక్కలా ఉంది. మా ఆవిడ చటుక్కున చేయి తీసేసింది. "అబ్బా, ఇటు కాలుతోంది!"

కుడి నుంచి వస్తున్నాయి. నేను ఎడమ అనుకున్నాను. తర్వాత నిచ్చెన వేసి చూస్తే, ఎప్పుడో ఏసీ పెట్టించినవాళ్లు వేసిన డక్టు వెనక ఆ రెండు గొట్టాలూ ఒకదాని మీదుగా ఒకటి దాటి చోట్లు మారాయి. కింద నుంచి కనబడదు. నా డైవర్టర్ టీ బాణం ఏటికి ఎదురుగా తిరిగి ఉంది. లాగాల్సింది లాగలేదు.

అక్టోబరు 26, శనివారం

మళ్లీ నీళ్లు వదలడం. మూడు అడుగుల ముక్క కోసి, టీలు రెండూ చోట్లు మార్చి, బాణం సరైన దిక్కుకు తిప్పి మాటు పెట్టాను. ఈసారి బ్రెడ్డు ముందే పక్కన పెట్టుకున్నాను. పెద్దాయన మాట విని ఆ ముక్కకు అటూ ఇటూ రెండు బాల్ వాల్వులు కూడా వేశాను, ఇంకోసారి ముట్టుకోవాల్సి వస్తే ఇల్లంతా ఖాళీ చేయక్కర్లేకుండా. మొదటే వేసి ఉంటే 30 డాలర్లతో పోయేది, ఒక వారం మిగిలేది.

సాయంత్రం ఆరింటికి వెలిగించాను. మూడు నిమిషాలకు కబోర్డు కింద ఏదో ఊపిరి పీల్చినట్టయింది. తర్వాత పాదాల మీదికి వెచ్చటి గాలి. ఎక్కే గొట్టం 168, దిగే గొట్టం 152. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మ మాత్రం స్టూలు తెచ్చుకుని దాని ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది.

నవంబరు 10, ఆదివారం

చప్పుడు గురించి. తక్కువ వేగంలో ఫ్రిజ్ కన్నా మెల్లగా ఉంది. ఎక్కువ వేగంలో రేకు గ్రిల్ గణగణమంది. విప్పి చూస్తే పెట్టె మూల పలకకు తాకుతోంది. మధ్యలో ఫెల్ట్ పట్టీ అంటించాను, పోయింది. అసలు ఎక్కువ వేగం అవసరం పడట్లేదు. లెక్క ప్రకారం మూడున్నర వేలే కదా, తక్కువ వేగంలోనే ఐదు వేల దాకా ఇస్తుంది.

మా ఆవిడ ఫిర్యాదు వేరు. హీటర్ పైనున్న అరలో అడుగు పలక 92 డిగ్రీలుంది. అక్కడ దాచిన మా అమ్మాయి చాక్లెట్లు ముద్దయిపోయాయి. నూనె డబ్బాలు, పప్పులు అన్నీ పక్క అరలోకి మారాయి. నెయ్యి సీసా మాత్రం ఉండనిచ్చాం, చలికాలం చెంచాతో తవ్వే బాధ తప్పింది.

డిసెంబరు 8, ఆదివారం

ఆ అరకు అడుగున ఇన్సులేషన్ షీటు వేద్దామని తీశాను. అమ్మ వేయనివ్వలేదు. నిన్న రాత్రి దోసెల పిండి గిన్నె అందులో పెట్టిందట. ఇక్కడి చలికి రెండు రోజులైనా పులవని పిండి, పొద్దున్నకి మూత నెట్టుకుని పొంగింది. ఆరేళ్లుగా మేం అవన్‌లో లైటు వేసి, దుప్పటి కప్పి చేసిన విద్యలన్నీ దండగ. సగం అరకు షీటు వేశాను, సగం పిండికి వదిలాను.

2025 జనవరి 22, బుధవారం

పొద్దున్న గుమ్మం దగ్గర థర్మామీటర్ 9 డిగ్రీలు చూపించింది. నేను లెక్క వేసింది 10కి. వంటింట్లో 69. తక్కువ వేగమే. ఆ లెక్క వేసిన కాగితాన్ని ఫ్రిజ్‌కి అతికించాను, ఎవరూ చూడలేదు.

లోపాలు కూడా రాసుకోవాలి. థర్మోస్టాట్ హాల్లో ఉంది. మధ్యాహ్నం ఎండ హాల్లో పడితే అది చాల్లే అని బాయిలర్‌ని ఆపేస్తుంది. పాత బేస్‌బోర్డు అయితే ఇంకాసేపు నులివెచ్చగా ఉండేది. ఇది నీళ్లు చల్లారగానే ఫ్యాను ఆపేసుకుంటుంది, వంటిల్లు 65కి పడిపోతుంది. తిరగేస్తే, నాలుగు పొయ్యిలూ వెలిగి చెమటలు కారుతున్నప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు గోడ స్విచ్చు ఆపేస్తున్నాం. వంటింటికి విడిగా థర్మోస్టాట్, వాల్వు పెట్టొచ్చు. కానీ ఐదు వేల బీటీయూ కోసం లక్ష బీటీయూ బాయిలర్ వెలగడం, రెండు నిమిషాలకు ఆరిపోవడం, మళ్లీ వెలగడం. చీమకు అంబారీ కట్టినట్టు. వద్దనుకున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఖర్చు కూడాను. హీటర్ 380 డాలర్లు, గొట్టాలు, టీలు, వాల్వులు, రెండోసారి కొన్నవాటితో కలిపి 245, కరెంటు సామాను 60. పర్మిట్ ఫీజు రీమోడల్ మొత్తానికి కలిసి పోయింది. టైల్ సంగతి ఇక్కడ రాయను.

ఇవాళ మొదటిసారి గ్రిల్ విప్పి వాక్యూమ్ పెట్టాను. నేల మీది ప్రతిదీ లాక్కుంటుందిది. బొచ్చు, ఎండిన కరివేపాకు, గుప్పెడు ఆవాలు. పోపులో చిట్లి ఎగిరినవి ఇన్నాళ్లూ ఎక్కడికి పోతున్నాయో అనుకునేవాళ్లం. నెలకోసారైనా విప్పాలి, లేకపోతే కాయిల్ రేకులు మూసుకుపోతాయి.

ఆవాల మధ్య ఏదో మెరిసింది. అమ్మ దిద్దు శీల. డిసెంబరులో పోయిందని సోఫాలు తిరగేయించి, వాషింగ్ మెషీన్ గొట్టం కూడా ఊడదీయించింది. పట్టుకెళ్లి చేతిలో పెట్టాను. తిప్పి చూసుకుని, "వెచ్చగా ఉందిరా" అంది.